అరుపు కాదమ్మా, మైకు లేని పాట

"అన్నయ్యగారికి నమస్కారం. మాది తెనాలి. నాకు అరవై నాలుగేళ్ళు. టీచరుగా రిటైరై ఆరేళ్ళుగా చెన్నై వేళచ్చేరిలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. చిన్నప్పుడు నాన్న భుజం మీద కూర్చుని పద్యనాటకంలో రఘురామయ్యగారి కృష్ణుణ్ణి చూశాను. పెళ్ళయ్యేదాకా కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను. ఇప్పటికీ డిసెంబరు వస్తే మైలాపూరు సభల్లో మధ్యాహ్నం కచేరీలకు వెళ్ళి కూర్చుంటాను. మా మనవరాలికి పన్నెండేళ్ళు. పియానో నేర్చుకుంటూ ట్రినిటీ గ్రేడ్ పరీక్షలకు వెళ్తోంది. మొన్న 'నానమ్మా, ఆపెరా విందామా?' అని ఫోన్లో పెట్టింది. ఇరవై నిమిషాలు విన్నాను. నాకు అరుపుల్లాగే ఉంది, తలనొప్పి వచ్చి ఆపెయ్యమన్నాను. పాప మొహం చిన్నబోయింది. దాంతో కలిసి కూర్చుని వినాలని ఉంది. ఏ రికార్డింగులతో మొదలుపెట్టమంటారు? ఈ వయసులో నాకు ఎక్కుతుందా? ఖరీదైన స్పీకర్లు కొనాలా?"
- ఒక పాఠకురాలు, వేళచ్చేరి

అమ్మా,

ముందు ఆ తలనొప్పి సంగతి చూద్దాం. తప్పు మీ చెవిది కాదు, పాటదీ కాదు, ఫోనుది.

ఆపెరా అంటే పాశ్చాత్యుల సంగీత నాటకం, కథంతా పాటలోనే నడుస్తుంది. ఆపెరా హాలులో రెండు మూడు వేల మంది కూర్చుంటారు. వేదిక ముందు గోతిలో అరవై, డెబ్భై వాయిద్యాలు మోగుతుంటాయి. గాయకులకు మైకు ఉండదు. గొంతు వాటన్నిటినీ దాటి చివరి వరుసలో వాళ్ళకి అందాలి. ఆర్కెస్ట్రా బలమంతా సుమారు 500 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉంటుంది, పైకి పోయేకొద్దీ పలచబడుతుంది. అందుకని ఏళ్ళ తరబడి సాధన చేసి, గొంతులోని మెరుపును 3000 హెర్ట్జ్ దగ్గరికి తెచ్చుకుంటారు. అక్కడ వాయిద్యాల పోటీ తక్కువ. ఇక ఫోను స్పీకరు చేసే పనేమిటంటే, కింది స్వరాలన్నీ మింగేసి సరిగ్గా ఆ పై మెరుపునే చెవిలోకి విసురుతుంది. అంత పెద్ద ఆర్కెస్ట్రాలో మీకు వినిపించింది గొంతు అంచు ఒక్కటే. అలా వింటే ఎవరికైనా తల నొస్తుంది.

రఘురామయ్యగారి తరానికి ముందువాళ్ళు, పెట్రోమాక్స్ లైట్ల కింద మైకు లేకుండా పద్యం పాడినవాళ్ళు, ఈ అవసరంతోనే గొంతు తయారుచేసుకున్నారు. పందిరి చివర బండి మీద కూర్చున్న రైతుకు కూడా పద్యంలో ప్రతి అక్షరం వినపడాలి, రాగం తీస్తే ఊరు దాటాలి. ఆ గొంతును చెవి పక్కన పెట్టుకుని వింటే అదీ అరుపులాగే ఉండేది.

కాబట్టి ఖరీదైన స్పీకర్లు అక్కర్లేదు. మీ టీవీకి సౌండ్‌బార్ ఉంటే అదే చాలు, ఫోనును దానికి కలపమని పాపకి చెప్పండి. లేదంటే రిచీ స్ట్రీట్‌లో చెవిని పూర్తిగా కప్పే మామూలు వైరు హెడ్‌ఫోన్లు రెండు, రెండూ ఒకేసారి తగిలించుకునే చిన్న పిన్నూ తెప్పించండి. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి: యాప్‌లో షఫుల్ ఆపెయ్యండి. ఒక ఆపెరాను ముప్ఫై నలభై ముక్కలుగా కోసి పెడతారు. షఫుల్‌లో ఉంటే పడకసీను పద్యం తర్వాత రాయబారం, దాని తర్వాత ప్రార్థన వచ్చినట్టు ఉంటుంది.

ఇప్పుడు అసలు సంగతి. కృష్ణరాయబారం చూడ్డానికి తెనాలిలో అంతమంది వచ్చేవారు కదా, అందులో ఒక్కరికైనా యుద్ధం వస్తుందా రాదా అన్న టెన్షన్ ఉండేదా? కథ పుట్టిన్నాటి నుంచీ తెలుసు. పద్యాలూ సగం నోటికొచ్చు. తెలుసు కాబట్టే 'జెండాపై కపిరాజు' అందుకోగానే మనసంతా ఆయన దాన్ని ఎలా ఎత్తుకుంటాడు, ఎక్కడ ఆపుతాడు, ఎంతసేపు లాగుతాడు అన్న దాని మీదే ఉండేది. నచ్చితే వన్స్ మోర్ కొట్టేవాళ్ళం. మీరు మొన్న ఇరవై నిమిషాలు విన్నదాంట్లో పాడేది ఎవరో, ఎవరితో పోట్లాడుతున్నారో, ఎందుకేడుస్తున్నారో మీకు తెలియదు. తెలియని భాషలో, తెలియని కథలో రాగం ఒక్కటే పట్టుకోమంటే ఎవరివల్లా కాదు.

అందుకని నేను చెప్పేది ఒకటే. ఒకేసారి పది రికార్డింగులు వద్దు. ఒక్కోసారి ఒక్క కథ తీసుకోండి, ముందు పూర్తిగా చదవండి. నేను చెప్పబోయే ఆపెరాలు ఇటాలియన్‌లో ఉంటాయి. పాటల మాటలు, వాటి అర్థం పక్కపక్కన పెట్టినవి నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. పాప చదివి చెబుతుంది, మీరు ఒక నోటుపుస్తకంలో ఆ ఇటాలియన్ మాటల్ని తెలుగు లిపిలో రాసుకోండి. నిజంగానే చెబుతున్నాను, రాసి చూడండి. తెలుగును ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్ అనడం మీరూ వినే ఉంటారు. రాస్తుంటే ఎందుకన్నారో చేతికి తెలుస్తుంది. 'కె జేలిదా మనీనా', 'విస్సీ దార్తె, విస్సీ దామోరె'. మాట చివర దాదాపు ప్రతిసారీ అచ్చు. మన అజంత భాషలో పద్యం చివర రాగం తీయడానికి ఎంత చోటుందో అక్కడా అంతే ఉంది. చూసి చదువుతుంటే రెండు రోజుల్లో మాటలు నోటికి పడతాయి.

మొదటి రోజు మాత్రం ఏ రికార్డింగూ పెట్టకండి. పాపను పియానో దగ్గర కూర్చోబెట్టి, మీరు 'శ్యామలే మీనాక్షి' పాడండి. పాప వెంటనే గుర్తుపడుతుంది, ఎందుకంటే అది దానికి 'ట్వింకిల్ ట్వింకిల్' బాణీ. ముత్తుస్వామి దీక్షితులవారి కుటుంబం మన చెన్నై పక్కన మణలిలో ఉన్నప్పుడు కోటలో ఇంగ్లీషు బ్యాండు విన్నారు. తమ్ముడు బాలుస్వామి అక్కడే ఫిడేలు నేర్చుకుని దాన్ని మన సంగీతంలోకి తెచ్చాడు. దీక్షితులవారు ఆ బాణీలకు సంస్కృతంలో సాహిత్యం కట్టారు, అవే నొట్టుస్వరాలు. 'సంతతం పాహిమాం' బ్రిటిష్ జాతీయగీతం బాణీ. అన్నీ శంకరాభరణం స్వరాలే. మీరు పాడుతుంటే పాప ఎడమచేత్తో కింద తోడు స్వరాలు వాయించనివ్వండి. అక్కడే మీకు తేడా దొరుకుతుంది. మనకు తంబురా శ్రుతి మొదటి నుంచి చివరి దాకా ఒకేచోట కూర్చుని ఉంటుంది, పాట దాని చుట్టూ తిరుగుతుంది. వాళ్ళకు ఆ కింద ఉన్న నేలే కదులుతుంది. మీరు పట్టుకున్న స్వరం మారదు, కింద పాప చెయ్యి మారగానే అదే స్వరానికి రంగు మారుతుంది. గమకం లేదేమని వెతక్కండి, వాళ్ళ రసం ఈ రంగు మారడంలో ఉంది.

ఇది మీకు కొత్తేమీ కాదు. ఇళయరాజా పాటలు వినని ఇల్లు మనలో లేదు కదా. పల్లవి వెనకాల వయొలిన్లు తమదంటూ వేరే దారిలో పోతుంటే మీ చెవి ఏళ్ళుగా రెండిటినీ కలిపి వింటూనే ఉంది. ఆయనా ఈ ఊళ్ళోనే ధనరాజ్ మాస్టారి దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకుని, ట్రినిటీ వాళ్ళ గిటారు పరీక్ష పాసైనవారే. పరీక్షంటే పాపకి భయం ఉంటే ఈ మాట చెప్పండి. 'ఈ వయసులో ఎక్కుతుందా' అన్న మీ ప్రశ్నకు నా జవాబు కూడా ఇళయరాజా పాటే: మీ చెవికి ఇది ఎప్పుడో ఎక్కింది.

రికార్డింగుల్లో మొదటిది పాబ్లో కసాల్స్ చెల్లో. చెల్లో అంటే కూర్చుని విల్లుతో వాయించే పెద్ద వయొలిన్ లాంటి వాయిద్యం. బాఖ్ దానికోసం రాసిన సూట్లు, అంటే కొన్ని భాగాలు కలిపిన రచనలు, ఆరు. ఆయన వాటిని 1936 నుంచి 1939 దాకా రికార్డు చేశారు. మొదటి సూటులో మొదటి భాగం మాత్రం వినండి, రెండున్నర నిమిషాలు. ఒంటరి వాయిద్యం, ఒకే దారి, కాబట్టి మన చెవికి చప్పున అందుతుంది. పాత రికార్డు, బరబర చప్పుడు ఉంటుంది. శుభ్రంగా ఉండే కొత్త రికార్డింగులు బోలెడున్నాయి, అయినా నేను దీన్నే చెబుతాను. ఆయనకు పదమూడేళ్ళప్పుడు బార్సిలోనాలో ఒక పాత దుకాణంలో ఈ నొటేషన్ దొరికింది. పన్నెండేళ్ళపాటు ఇంట్లో సాధన చేశాకగాని సభలో వాయించలేదు. ఆ సాధన విల్లు కదిలే తీరులో వినిపిస్తుంది.

ఇక ఆపెరా. పుచ్చీని 'లా బొహేమ్'. 1972లో కరాయాన్ బెర్లిన్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాను నడిపించి చేసినది, మిరెల్లా ఫ్రేనీ, లుచానో పవరోట్టి పాడినది. మొదటి అంకం చివరి పావుగంట పైచిలుకు చాలు.

కథ ఇదీ. పారిస్‌లో డిసెంబరు 24 రాత్రి, మంచు. మిద్దె మీది గదిలో రొడాల్ఫో అనే పేద కవి ఒంటరిగా ఉంటాడు. పక్క గది అమ్మాయి మిమీ కొవ్వొత్తి ఆరిపోయిందని వెలిగించుకోడానికి తలుపు తడుతుంది. దగ్గుతో నీరసంగా ఉంటుంది. వెళ్ళబోతూ తాళంచెవి పడేసుకున్నానని వెనక్కి వస్తుంది. గాలికి దీపం మళ్ళీ ఆరిపోతుంది. అతని దీపమూ ఆరిపోతుంది. ఇద్దరూ చీకట్లో నేల తడుముతుంటారు. తాళంచెవి అతనికే దొరుకుతుంది, దొరకలేదన్నట్టు జేబులో వేసుకుంటాడు. మళ్ళీ తడుముతుంటే ఆమె చెయ్యి తగులుతుంది. 'కె జేలిదా మనీనా' అంటాడు. ఎంత చల్లగా ఉందీ చిట్టి చెయ్యి అని.

నేనెవరు, ఏం చేస్తాను, ఎలా బతుకుతాను అని చెప్పుకుంటూ పోతాడు. పాట మొత్తంలో అన్నిటికంటే పై స్వరం 'స్పెరాంత్సా' అన్న మాట మీద పడుతుంది. ఆశ అని అర్థం. నోటుపుస్తకంలో ఆ మాట కింద గీత గీసుకోండి, అక్కడికి వచ్చేసరికి మీ చెవి దానికోసం ఎదురుచూస్తూ ఉంటుంది. తర్వాత ఆమె వంతు. అందరూ నన్ను మిమీ అంటారు, నా పేరు లుచియా అని చిన్నగా, మామూలుగా మొదలుపెడుతుంది. పూలు కుడతాను, ఒక్కదాన్నే ఉంటాను, కిటికీలోంచి కప్పులూ ఆకాశమే కనిపిస్తాయి అంటుంది. అంతవరకూ మాటల్లాగే ఉంటుంది. 'కానీ మంచు కరిగితే మొదటి ఎండ నాది' అన్న చోట ఒక్కసారిగా వయొలిన్లన్నీ ఆమెతో పాటు లేస్తాయి, గొంతు వెడల్పవుతుంది. ఫ్రేనీ అక్కడ బలం చూపించదు, కిటికీ తలుపు తీసినట్టు పాడుతుంది. ఎన్నిసార్లు విన్నా ఆ చోట నా చేతిలో పని ఆగిపోతుంది.

పాపకు చెప్పడానికి ఒక సంగతి: ఫ్రేనీ, పవరోట్టి ఇద్దరిదీ మోదెనా అనే ఊరు, ఇద్దరూ 1935లోనే పుట్టారు, ఇద్దరి తల్లులూ ఒకే పొగాకు ఫ్యాక్టరీలో పనిచేశారు.

ఈ పావుగంటను వారం పది రోజులు తిప్పి తిప్పి వినండి. తర్వాత పుచ్చీనిదే మరో ఆపెరా 'తోస్కా'లో ఒక్క పాట. 1953లో మిలాన్‌లో విక్టర్ ద సబాతా నడిపించిన రికార్డింగు, పాడింది మరియా కల్లాస్. మూడు నిమిషాల పాట, 'విస్సీ దార్తె'.

ఇది నాకు దొరికిన తీరు చెప్పాలి. 1981లో నేను ట్రిప్లికేన్‌లో మేన్షన్ గదిలో ఉండేవాణ్ణి. ఆదివారం మూర్ మార్కెట్‌కి పోయి పాత పుస్తకాలు తిరగెయ్యడం అలవాటు. ఒకరోజు రికార్డుల గుట్టలో ఇది దొరికింది. రెండు ప్లేట్ల సెట్‌లో రెండోది మాత్రమే ఉంది. అట్ట లేదు, అర్థాల పుస్తకం లేదు. ఒక మిత్రుడి ఇంట్లో ప్లేయరు మీద పెట్టి విన్నాను. కథలో సగం నుంచి మొదలు, ఒక్క ముక్క అర్థం కాలేదు. ఈ పాట దగ్గర మాత్రం ఎవరో దేవుణ్ణి నిలదీస్తున్నారని తెలిసింది. కొన్ని నెలల తర్వాత లైబ్రరీలో అర్థం చదివాను. ప్రియుణ్ణి పక్క గదిలో చిత్రహింస పెట్టించిన అధికారి ఎదురుగా నిలబడి ఆమె అంటోంది: కళ కోసం బతికాను, ప్రేమ కోసం బతికాను, ఒక ప్రాణికి కీడు చెయ్యలేదు, నీ గుడికి పూలు తెచ్చాను, మరి ఎందుకు స్వామీ నాకిలా చేశావు అని. నాకు చప్పున రామదాసు గుర్తొచ్చాడు. 'ఇక్ష్వాకు కుల తిలక ఇకనైన పలుకవే' అని చెరసాలలో కూర్చుని అడగలేదూ! ఆ రోజు నుంచి ఈ పాట నాకు పరాయిది కాలేదు. చివర్లో 'సిన్యోర్' అన్న పిలుపు మీద కల్లాస్ గొంతు పైకంటా వెళ్ళి, వెంటనే 'ఆ' అంటూ ఊపిరిలోకి జారిపోతుంది. ఆ జారడం వినండి. ఫ్రేనీది తేనె గొంతు, కల్లాస్‌ది కాదు, అంచులున్న గొంతు. మొదట్లో నచ్చకపోవచ్చు. తెనాలిలో కూడా తియ్యటి గొంతున్న వాళ్ళందరికీ వన్స్ మోర్ పడలేదు కదా. తోస్కా కథలో హింస, బలవంతం ఉన్నాయి, కాబట్టి పాపకి ఇప్పటికి ఈ పాట చాలు. మొత్తం కథ రెండేళ్ళు పోయాక వినిపించండి.

వన్స్ మోర్ అంటే గుర్తొచ్చింది. మిలాన్‌లోని లా స్కాలాలో దాన్ని చాలా కాలం రానివ్వలేదు. 2007లో హువాన్ డియేగో ఫ్లోరెస్ అనే గాయకుడు తొమ్మిదిసార్లు పైకంటా 'హై సి' స్వరానికి వెళ్ళాల్సిన పాటను జనం వదలక రెండోసారి పాడాడు. 1933 తర్వాత అక్కడ ఒక్క గాయకుడు తన పాటను మళ్ళీ పాడటం అదే మొదలు. తెనాలి వాళ్ళు వింటే ఆశ్చర్యపోతారు.

మీరు టీచరు కాబట్టి మోజార్ట్ 'ఫిగారో పెళ్ళి'లో ఉత్తరం పాట మీకు తప్పకుండా నచ్చుతుంది. 1955లో ఎరిక్ క్లైబర్ నడిపించినది, లీసా దెల్లా కాసా, హిల్డె గూడెన్ పాడినది. దొరసాని ఉత్తరం చెబుతుంటే పనమ్మాయి రాస్తుంది. డిక్టేషన్ అన్నమాట. చివరి మాటను పనమ్మాయి తిరిగి పలుకుతుంది, మన పిల్లలు క్లాసులో 'టీచర్, ఏమిటీ?' అని అడిగినట్టు. తర్వాత రాసింది ఇద్దరూ కలిసి చదువుతారు, ఆ రెండు గొంతులూ ఒకదానిలోంచి ఒకటి పుట్టినట్టు ఉంటాయి.

పాప పియానో వాయిస్తుంది కాబట్టి గ్లెన్ గూల్డ్‌ను వినిపించాలి. బాఖ్ గోల్డ్‌బర్గ్ వేరియేషన్లను ఆయన ఇరవై రెండేళ్ళ వయసులో 1955లో రికార్డు చేశాడు, మళ్ళీ 1981లో చేశాడు. 1982లో చనిపోయాడు. మొదటి చిన్న భాగం ఆరియాను రెండిట్లోనూ పక్కపక్కన వినండి. కుర్రతనంలో రెండు నిమిషాల్లోపు అయిపోయింది, చివర్లో మూడు నిమిషాలు పట్టింది. నొటేషన్ అదే, మనిషీ అతనే. పియానో వెనక ఆయన కూనిరాగం సన్నగా వినపడుతుంది, పాపను కనిపెట్టమనండి. ఒకే కీర్తనను ఒకే విద్వాంసుడు పాతికేళ్ళ తేడాతో ఎలా పాడారో పోల్చడం సభల్లో తిరిగిన మీకు అలవాటే. ఈసారి మీరే దానికి గురువు.

బీథోవెన్ ఐదో సింఫనీ, అంటే పాట లేకుండా ఆర్కెస్ట్రా ఒక్కటే వాయించే నాలుగు భాగాల రచన, దానికి ఎరిక్ కొడుకు కార్లోస్ క్లైబర్ 1974లో వియన్నా ఫిల్హార్మోనిక్‌తో చేసిన రికార్డింగు. అరగంట పైన ఉంటుంది. మూడో భాగం చివర డ్రమ్ము గుండె కొట్టుకున్నట్టు చిన్నగా మోగుతూ, ఆగకుండా నాలుగోదాంట్లోకి వెళ్ళి వెలుగు విరజిమ్ముతుంది. మధ్యలో ప్రకటన వస్తే అంతా పాడవుతుంది, కాబట్టి ఆ రోజుకి ప్రకటనలు లేని యాప్‌లో వినండి. వాగ్నర్ నాలుగు ఆపెరాల 'రింగ్' పదిహేను గంటలు, దాని జోలికి ఇప్పుడు పోవద్దు. 'బెస్ట్ ఆఫ్ ఆపెరా' అని దొరికే కలగూరగంపలు అసలే వద్దు. కథ లేకుండా పై స్వరాలన్నీ ఏరి వరసగా పెడతారు, మళ్ళీ తలనొప్పే.

నేరుగా వినాలనిపిస్తే ఎగ్మూరు మ్యూజియం థియేటర్‌లో కచేరీలు జరుగుతుంటాయి. మద్రాస్ మ్యూజికల్ అసోసియేషన్ బృందగానం 1893 నాటిది, వాళ్ళ క్రిస్మస్ కచేరీకి పాపను తీసుకెళ్ళండి. మైకు లేని గొంతు గదిలో ఎలా నిండుతుందో ఒక్కసారి వింటే ఫోను చేసిన అన్యాయం అర్థమవుతుంది.

బొహేమ్ నాలుగో అంకం మాత్రం పాప ఒంటరిగా వినకుండా చూడండి. మిమీ అదే గదికి తిరిగి వస్తుంది, జబ్బు ముదిరి. ఇద్దరూ పాత రోజులు తలుచుకుంటారు. తాళంచెవి ఆ రాత్రి అతనికి దొరికిందని తనకు తెలుసని ఆమె చెబుతుంది. 'చిట్టి చెయ్యి' బాణీ మళ్ళీ వస్తుంది, ఈసారి ఆమె గొంతులో, తెగిపోతూ. చివర్లో అతను ఇక పాడడు, పేరు పెట్టి రెండుసార్లు పిలుస్తాడు, మిగతాది ఆర్కెస్ట్రా పూర్తిచేస్తుంది. మర్నాడు స్కూలు లేని రోజు చూసుకుని పెట్టండి. రికార్డు అయిపోయాక పాప ఏమీ మాట్లాడకపోతే మీరూ కాసేపు మాట్లాడకండి, పక్కన కూర్చోండి.